హాబిట్‌ని పిల్లలకు ఇంగ్లీషులో చదవాలా, తెలుగులో చెప్పాలా?

ప్రశ్న: పిల్లలకు ఏడేళ్ళు, పదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తారు. రాత్రిపూట టోల్కీన్ 'హాబిట్', ఆ తర్వాత 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చదివి వినిపించాలని ఉంది. ఇంగ్లీషులో చదవాలా, తెలుగులో చెప్పాలా? ఎన్నాళ్ళు పడుతుంది?

జవాబు:

కళ్ళు ఇంగ్లీషు మీద, నోరు తెలుగులో. ఇంగ్లీషులో చదివి వినిపించేవాళ్ళు మీ పిల్లలకు బడిలో బోలెడుమంది ఉంటారు. గొల్లుమ్ చేత తెలుగు మాట్లాడించేది మీరొక్కరే. కథ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు: బిల్బో అనే హాబిట్‌ని (హాబిట్‌లంటే పొట్టి మనుషుల్లాంటి జాతి) గాండాల్ఫ్ అనే విజార్డ్, థోరిన్ నాయకుడిగా పదమూడు మంది డ్వార్ఫ్‌లు, స్మౌగ్ అనే డ్రాగన్ దగ్గరున్న నిధి కోసం దొంగగా వెంటబెట్టుకుపోతారు. దారిలో గుహలో తగిలే వింత జీవే గొల్లుమ్.

ముందు లెక్క చెప్పేస్తాను. హాబిట్‌లో దాదాపు 95,000 పదాలున్నాయి. నిమిషానికి 150 పదాల చొప్పున ఇంగ్లీషులో గట్టిగా చదివితే పదిన్నర గంటలు. అప్పటికప్పుడు తెలుగు చేసుకుంటూ చెబితే ఒకటిన్నర రెట్లు, అంటే 16 గంటలు వేసుకోండి. రోజుకు 25 నిమిషాలైతే ఇంగ్లీషులో 26 రాత్రులు, తెలుగులో 38. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ దాదాపు 4,80,000 పదాలు, తెలుగులో 80 గంటలు, 190 పైచిలుకు రాత్రులు. జ్వరాలు, ప్రయాణాలు, పరీక్షలు కలుపుకుంటే ఏడాది. ఇప్పటికి ఆ సంగతి పిల్లల దగ్గర ఎత్తకండి.

రోజుకో అధ్యాయం అని మాత్రం మాటివ్వొద్దు. హాబిట్‌లో 19 అధ్యాయాలున్నాయి కానీ ఒక్కోటి ఒక్కో సైజు. మొదటిదే ఇంగ్లీషులో గంటకు దగ్గర పడుతుంది. అందులో బిల్బో ఇంట్లో జరిగే విందులో కేకులు, జామ్, కోడిమాంసం, ఊరగాయలు వరసగా వస్తూనే ఉంటాయి కాబట్టి అది అన్నాలు తిన్నాకే చదవండి. లేకపోతే మధ్యలో వంటింట్లోకి లేవాల్సి వస్తుంది.

వయసు సంగతి. ఈ పుస్తకం అచ్చుకు పనికొస్తుందో లేదో చూడమని ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన పదేళ్ళ కొడుకు రేనర్‌కి 1936లో ఇచ్చాడు. ఒక షిల్లింగు కూలి. ఐదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు నచ్చుతుందని ఆ కుర్రాడు రాసిచ్చాడు, 1937 సెప్టెంబరు 21న పుస్తకం వచ్చింది. మీ చిన్నవాడు ఆ లెక్కలో సరిగ్గా నడిమధ్య ఉన్నాడు.

అప్పటికప్పుడు తెలుగు చెయ్యడం ఎక్కడ చెడుతుందంటే, వాక్యం చివర చూడకుండా నోరు తెరిచినప్పుడు. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, మనకు చివర్లో వస్తుంది. సగం వాక్యం పలికాక అవతల ఇంకో మెలిక కనపడితే 'అంటే, అదే, ఆ...' అంటూ వెనక్కి నడవాలి. ఫుల్‌స్టాప్ దాకా కంటితో వెళ్ళి, ఆ తర్వాతే నోరు తెరవండి. పొడుగు వాక్యాన్ని మూడుగా విరగ్గొట్టండి. 'కొండమీద ఉన్న గుహలో నిద్రపోతున్న నిధిని కాపలా కాస్తున్న డ్రాగన్' అని గొలుసు కట్టొద్దు. 'అక్కడొక కొండ. కొండలో గుహ. ఆ గుహలో డ్రాగన్ పడుకుని ఉంది, నిధి మీదే.' కథ చెప్పడమంటే అలాగే. రేపటి పది పేజీలు ముందే ఒకసారి కంటితో చదివి, ఇబ్బంది పెట్టే చోట పెన్సిల్ గీత పెట్టుకోండి. పదిహేను నిమిషాల పని.

రెండోది ఒక చిన్న నోటుబుక్కు. ఏ మాటకు ఏం వాడారో రాసుకోవాలి. పిల్లలు పట్టేస్తారు. టోల్కీన్ ఈ కథను ఇంట్లో చెబుతున్నప్పుడు కొడుకు క్రిస్టఫర్ మధ్యలో ఆపి, పోయినసారి బిల్బో తలుపు నీలం అన్నావు, ఇప్పుడు ఆకుపచ్చ అంటున్నావు, థోరిన్ టోపీ కుచ్చు బంగారం అన్నావు, ఇప్పుడు వెండి అంటున్నావు అని నిలదీశాడట. సృష్టికర్తకే తప్పలేదు. మనకేం మినహాయింపు?

ఆ నోటుబుక్కులో మొదటి తగాదా 'విజార్డ్' దగ్గరే. నిఘంటువు చూస్తే 'మాంత్రికుడు' అని వస్తుంది. పొరపాటున కూడా వాడకండి. తెలుగింట్లో మాంత్రికుడంటే 1951 పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడే. పక్కన అమ్మమ్మ కూర్చుని వింటోందంటే గాండాల్ఫ్ గుమ్మం తొక్కగానే 'వీడే చంపేస్తాడు' అని తేల్చేస్తుంది. 'గాండాల్ఫ్ తాత' చాలు, ఆయన మంత్రాలు పనుల్లోనే కనపడతాయి. 'మాంత్రికుడు' అన్న మాటను దాచిపెట్టుకుని దక్షిణాన చీకటి కోటలో ఉండే నెక్రోమాన్సర్‌కి (క్షుద్ర మంత్రాలవాడికి) వాడండి, అతికినట్టు సరిపోతుంది. డ్వార్ఫ్‌కి 'మరుగుజ్జు' వద్దు, అది మనుషుల్ని వెక్కిరించే మాట అయిపోయింది. హాబిట్, ఎల్ఫ్, ట్రోల్, డ్వార్ఫ్ అలాగే ఉంచండి. యక్షులు, గంధర్వులు అంటూ తెచ్చి అతికిస్తే వాళ్ళ పురాణం వాళ్ళు వెంటబెట్టుకొస్తారు. 'బర్‌గ్లర్' మాత్రం తెలుగు చెయ్యండి. 'కన్నాలేసే దొంగ' అంటే ఏడేళ్ళవాడు కూడా పడీపడీ నవ్వుతాడు, పైగా కథంతా దాని మీదే నడుస్తుంది. పదమూడు మంది డ్వార్ఫ్‌ల పేర్లు గుర్తుపెట్టమని పరీక్ష పెట్టొద్దు. థోరిన్, ముసలి బాలిన్, బొద్దు బొంబుర్, కుర్రాళ్ళు ఫీలీ, కీలీ చాలు. మిగతావాళ్ళు పెళ్ళికి వచ్చిన బంధువుల్లా వెనకాల ఉంటారు.

ఉచ్చారణలో మనం అదృష్టవంతులం. టోల్కీన్ తన భాషల్లో 'ర' నాలుక ఆడించి పలకాలన్నాడు, మన ర అదే. డ్రాగన్ పేరు స్మాగ్ కాదు స్మౌగ్, లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో శత్రువు పేరు సారన్ కాదు సౌరాన్. ఔ అనే అక్షరం మనకు ఊరికే ఉందా? అందులోనే వచ్చే కెలెబోర్న్ (Celeborn) పేరులో 'సి' ఎప్పుడూ 'క'నే.

ఇక ఇంగ్లీషులో లేనిదీ మీరే తేల్చాల్సిందీ మర్యాద. ఇంగ్లీషు 'యు' ఒక్కటే, మనకు నువ్వు, మీరు, తమరు. బిల్బో గాండాల్ఫ్‌ని 'మీరు' అంటాడు, ఆయన వీణ్ణి 'నువ్వు' అంటాడు. థోరిన్‌కీ బిల్బోకీ మధ్య మొదట్లో చలవ పెట్టిన 'మీరు' పెట్టండి. అది ఎప్పుడు 'నువ్వు'కి దిగాలో, చివర గొడవ పడ్డప్పుడు మళ్ళీ ఎలా మారాలో మీ ఇష్టం, కానీ ముందే అనుకుని ఉంచుకోండి. పన్నెండో అధ్యాయంలో బిల్బో డ్రాగన్‌ని పొగిడేటప్పుడు 'తమరు' తప్ప ఇంకోటి నడవదు. భట్రాజు పొగడ్తలకు లొంగిపోయే జమీందారులా స్మౌగ్ పొట్ట చూపించేస్తాడు, ఆ పొట్టమీద కవచం లేని చోటు బిల్బో కంటపడుతుంది. 'తమరు' అన్న మాట లేకపోతే ఆ మోసం సగమే తెలుస్తుంది.

ఇప్పుడు అయిదో అధ్యాయం. ఇంతసేపూ ఇక్కడికి రావాలనే నా ఆత్రం. నేలకింద చెరువు, చిమ్మచీకటి, దారి తప్పిన బిల్బో, పడవలో గొల్లుమ్. పొడుపు కథల పందెం. బిల్బో గెలిస్తే బయటికి దారి చూపాలి, ఓడితే గొల్లుమ్‌కి ఫలహారం. తెలుగు పిల్లలకు ఇంతకంటే తేలిగ్గా అందే అధ్యాయం ఈ పుస్తకంలో లేదు. అంతే తేలిగ్గా పాడుచెయ్యొచ్చు కూడా.

మొదట గొల్లుమ్ మాట. మాట్లాడే తోడు లేక తనతో తనే మాట్లాడుకుంటాడు, తనను తాను 'మై ప్రెషస్' అని పిలుచుకుంటాడు, 'నేను' అనాల్సిన చోట 'వి' (we) అంటాడు. ఈ 'వి'ని ఇంగ్లీషువాడు ఒకే మాటతో సరిపెట్టుకోవాలి. మనకు మనం, మేము రెండున్నాయి. తనతో అనుకునేటప్పుడు 'మనం': 'మనకు ఆకలేస్తోంది కదూ బంగారం'. బిల్బోతో అనేటప్పుడు 'మేము': 'మేము అడుగుతాం, అది చెప్పాలి'. పిల్లలకు ఎవరూ వివరించనక్కర్లేదు, వాడు ఎటు తిరిగి మాట్లాడుతున్నాడో చెవికే తెలిసిపోతుంది. ఈ ఒక్క చోట తెలుగు మూలాన్ని మించిపోయిందని ఒట్టేసి చెబుతాను, ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధం.

'ప్రెషస్'కి బంగారం కన్నా మాట లేదు. ముద్దుపేరూ అదే, వాడు పోగొట్టుకున్న ఉంగరమూ అదే. పోయేది ఒక్కటే, ఆ బుస. బంగారంలో 'స' లేదు. కంగారు పడొద్దు, మన క్రియల్లో 'స్త' కావలసినంత ఉంది. అడుగుతాం దగ్గర ఊరుకుని, చూస్స్తాం, తినేస్స్తాం దగ్గర సాగదీయండి. బిల్బోని చాలాసార్లు వస్తువులా 'ఇట్' అంటాడు. 'అది' అనండి, 'వాడు' అనకండి. వాడి తప్పుడు బహువచనాలకు మన 'లు'ని రెండుసార్లు తగిలించండి: జేబులులు, గుడ్లులు, చేతులులు. ఏడేళ్ళవాడు మర్నాడంతా ఇవే అంటూ తిరుగుతాడు, భరించాలి.

మింగినట్టుండే 'గొల్లుమ్' చప్పుడు గొంతు వెనక గీకి చెయ్యొద్దు. ఇంగ్లీషులోనే ముప్పావుగంట పట్టే అధ్యాయం, సగంలో గొంతు పోతుంది. నోరు మూసి గుటక వేసినట్టు ముందువైపు చెయ్యండి. గుసగుసగా చదివితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు, అది ఇంకా అలుపు. పక్కన గోరువెచ్చని నీళ్ళుండాలి.

పొడుపు కథల దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. మనకున్నవి దండిగా ఉన్నాయి కదా, అవే పెట్టేద్దాం అనుకుంటారు. 'చెయ్యని కుండ, పొయ్యని నీరు, వెయ్యని సున్నం, తియ్యగ నుండు' అని కొబ్బరికాయని తెచ్చి పొగమంచు కొండల కింద పెడతారు. వద్దండీ. గొల్లుమ్ అడిగేవి కొండ, గాలి, చీకటి, చేప, కాలం, అన్నీ వాడి బతుకులోవి. బిల్బో అడిగేవి పళ్ళు, ఎండపడ్డ పువ్వు, గుడ్డు, బల్లా పీటా పిల్లీ ఉన్న ఇల్లు, అన్నీ వెలుతుర్లోవి. పొడుపు మారిస్తే ఇద్దరి మధ్య తేడా పోతుంది. కొబ్బరికాయని మర్నాడు కారులో అడగండి.

కాబట్టి తొమ్మిదింటినీ ముందే తెలుగు చేసుకుని కాగితం మీద రాసుకోవాలి. ఆదివారం ఒక గంట పని, అప్పటికప్పుడు జరిగేది కాదు. చిన్న చిన్న ముక్కలు, వీలైతే రెండో అక్షరం కలిసేలా. గుడ్డుకి 'తాళం లేదు, తలుపు లేదు, మూత లేని పెట్టె, లోపల పసిడి' అన్నట్టు. ఇక్కడ 'బంగారం' అనకండి, ఆ మాట గొల్లుమ్‌కి ఇచ్చేశాం. డెయిజీ పూలకు గడ్డిచామంతి పెట్టండి, చేలగట్ల మీద అందరూ చూసిందే, ఆ కుటుంబంలోదే. పళ్ళ పొడుపు విప్పాక 'మనకు ఆరే ఉన్నాయి' అని గొల్లుమ్ వాపోతాడు. ముందు పళ్ళూడే వయసువాడికి ఇది వదిలెయ్యకండి.

గుడ్డు దగ్గర ఇంకో ఉచ్చు. గొల్లుమ్‌కి చిన్నప్పుడు గూళ్ళలో గుడ్లు దొంగిలించడం, వాళ్ళ అమ్మమ్మకు గుడ్డు పీల్చడం నేర్పడం గుర్తొచ్చి జవాబు తడుతుంది. అమ్మమ్మకు గుడ్డు పీల్చడం నేర్పడమనేది వాళ్ళ సామెత, మన 'తాతకు దగ్గులు నేర్పడం'. సామెతకు సామెత కుదిరింది కదా అని అది పెట్టేస్తే గుడ్డు మాయమవుతుంది, జవాబు ఆకాశంలోంచి ఊడిపడుతుంది. సామెత పోతే పోనీ, గుడ్డుని ఉంచండి.

ప్రతి పొడుపు తర్వాత ఆగి, మనసులో పది లెక్కపెట్టండి. సాయం చెయ్యొద్దు. చేప పొడుపు దగ్గర నీళ్ళలోంచి ఒక చేప ఎగిరి బిల్బో కాలివేళ్ళ మీద పడుతుంది. సరిగ్గా అక్కడ పుస్తకం దించండి. జవాబు పిల్లలే అరుస్తారు, బిల్బో కంటే ముందు. ఆఖరిది కాలం. బిల్బో ఇంకాస్త టైం ఇవ్వమని అడగబోతాడు, భయంతో నోరు పెగలక 'టైం! టైం!' అని మాత్రమే వస్తుంది, జవాబు అదే. ఇక్కడ శుద్ధ తెలుగుకి పోయి 'కాలం! కాలం!' అన్నారో, పప్పులో కాలేసినట్టే. కాలం ఇవ్వు అని ఏ ఇంట్లోనూ ఎవరూ అడగరు. టైం ఇవ్వు అనే అడుగుతారు. టైం అనే ఉంచండి.

బిల్బో అడిగే చివరి ప్రశ్న 'నా జేబులో ఏముంది' పొడుపే కాదు, అన్యాయం. జేబులో ఉన్నది గొల్లుమ్ పోగొట్టుకున్న ఆ ఉంగరమే. పిల్లలు గొడవ చేస్తారు. చెయ్యనివ్వండి, గొల్లుమ్ కూడా అదే గొడవ చేసి మూడు ఊహలు అడుగుతాడు, మూడోసారి రెండు కలిపి చెప్పేస్తాడు. మీ పెద్దమ్మాయో పెద్దబ్బాయో ఇంకా తవ్వితే ఇది చెప్పండి: 1937 అచ్చులో గొల్లుమ్ ఇంత దుర్మార్గుడు కాడు. పందెం ఓడి ఉంగరం బహుమతిగా ఇవ్వబోయి, దొరక్కపోతే క్షమించమని దారి చూపించాడు. తర్వాతి పెద్ద కథకు అతకడం కోసం టోల్కీన్ 1951 అచ్చులో మార్చాడు. పాత కథ బిల్బో చెప్పిన అబద్ధమని తర్వాతి పుస్తకంలో సర్దాడు. పదేళ్ళవాళ్ళకు ఇంతకన్నా ఇష్టమైన సంగతి ఉండదు.

రెండో అధ్యాయం ట్రోల్స్ దగ్గర ఒక ఫిర్యాదు. బెర్ట్, టామ్, విలియం మూలంలో లండన్ మోటుయాసలో మాట్లాడతారు. దానికని మనవాళ్ళు వెంటనే సీమ యాసో, శ్రీకాకుళం యాసో, తెలంగాణ యాసో తగిలిస్తారు. మన సినిమా నేర్పిన దరిద్రపు అలవాటు ఇది, విలనుకో యాస, కమెడియనుకో యాస, హీరోకి ఏ యాసా ఉండదు. ఊళ్ళో తాతయ్య మాట్లాడే మాటే ట్రోల్ నోట వింటే పిల్లలకు ఏమని అర్థమవుతుంది? యాస వద్దు, వేగం మార్చండి. ఒకడు నత్తి, ఒకడు ఆవులింత, ఒకడు ఎప్పుడూ కోపం. మూడూ వేరుగా వినపడటం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే గాండాల్ఫ్ చాటునుంచి వాళ్ళ గొంతులే అనుకరించి తెల్లారేదాకా కొట్లాట పెట్టిస్తాడు. అనుకరించేటప్పుడు అచ్చం అదే గొంతు పెట్టి, మాట్లాడింది గాండాల్ఫ్ అని చెప్పకండి.

పాటలు చాలామంది దాటేస్తారు. ఇంగ్లీషులోనే లయగా చదివేసి, తెలుగులో రెండు ముక్కల సారం చెబితే సరి. నాలుగో అధ్యాయంలో గోబ్లిన్ల పాటకు బుర్రకథ వంతల్లాగా పిల్లల చేత చప్పట్లు కొట్టించండి.

పద్నాలుగో అధ్యాయంలో డ్రాగన్ చస్తుంది. కథ అయిపోయిందనుకుని చిన్నవాడు పక్కకు జారతాడు. ఆ తర్వాత నిధి పంపకాల తగువు, అక్కడ కాస్త కుదించినా పాపం లేదు. పద్దెనిమిదో అధ్యాయం మాత్రం నిద్రముంచుకొస్తుండగా మొదలెట్టకండి. థోరిన్ చనిపోతాడు, దానికి అందరూ సిద్ధపడతారు. ఫీలీ, కీలీ చావు ఒక్క వాక్యంలో పోతుంది. మీరు గబగబా దాటేస్తే మూడోరోజు అన్నం దగ్గర 'కీలీ ఏడీ?' అని వస్తుంది. అక్కడ ఆగి, పేర్లు చెప్పి, ముందుకెళ్ళండి.

లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌కి వెళ్తే మూడు సంగతులు. ఒకే సంపుటంగా ఉన్న అట్ట కొనొద్దు, వెయ్యి పేజీలు దాటిన బరువుని పడుకుని పట్టుకుంటే మణికట్టు మర్నాడు చెబుతుంది. ఉంగరాన్ని ఏం చెయ్యాలో తేల్చే ఎల్రాండ్ సభ అధ్యాయం దాదాపు అంతా మాటలే. నాలుగు రాత్రులకు విడగొట్టండి: అరగార్న్ విరిగిన కత్తి చూపించేదాకా ఒకటి, ఎల్ఫ్‌ల కాపలాలోంచి గొల్లుమ్ తప్పించుకున్నాడని లెగొలాస్ చెప్పేదాకా ఒకటి, సారుమాన్ ద్రోహం ఒకటి, ఉంగరం ఎవరు మొయ్యాలన్నది ఒకటి. మూడోది, రెండో సంపుటంలో పదకొండు అధ్యాయాలపాటు ఉంగరం మోసే ఫ్రోడో కనపడడు. పిల్లలు గోల పెడతారని రెండు దారుల్నీ కలిపి అల్లేసి చెప్పాలనిపిస్తుంది. అల్లొద్దు. మూడో సంపుటంలో నల్లగేటు ముందు శత్రువు దూత ఫ్రోడో మిత్రిల్ చొక్కా తీసి చూపిస్తాడు. శత్రువులకు చిక్కిన ఫ్రోడోని అతని తోడు శామ్ అప్పటికే విడిపించాడని తెలిసిపోతే ఆ చొక్కాకు విలువేముంది? గాండాల్ఫ్ మోరియాలో పడిపోయాక తొమ్మిది అధ్యాయాల దాకా తిరిగి రాడు, అన్నాళ్ళూ మొహంలో ఏమీ కనపడనివ్వకండి. మూడో సంపుటం పేరే రాజు తిరిగొస్తాడని చెప్పేస్తోందని టోల్కీన్‌కే నచ్చలేదు, అట్ట పిల్లలకు కనపడకుండా పెట్టండి.

మీ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి నిద్రపోరు కాబట్టి ఇదొకటి. మొదటి రోజే 'ఊఁ కొడితేనే కథ' అని నియమం పెట్టండి. చిన్నవాడి ఊఁ ఆగిన చోట పెన్సిల్ గీత. ఇంకొక్క పేజీ అని పెద్దబిడ్డ ఎంత బతిమాలినా అక్కడే ఆపాలి. ఒకసారి దాటితే రేపు ఒకరికి పాత కథ, ఒకరికి కొత్త కథ, కొట్లాట. మర్నాడు నిన్న జరిగింది పెద్దబిడ్డ చేత తెలుగులో చెప్పించండి, రెండు నిమిషాలు. ఇంగ్లీషులో మొదలెడితే 'అది ఊఁ కొట్టదు బంగారం' అనండి, గొల్లుమ్ గొంతుతో.